గేరు జారింది నా బరువుకు కాదు

ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నవ్వకుండా రాయమన్నాను.

నెల రోజులుగా మిట్ట ఎక్కేటప్పుడల్లా మా ఆయన పాత స్కూటర్ రెండో గేరు జారిపోతోంది. వెనక కూర్చునే నా బరువే కారణమట. రేపు చంద్రగిరిలో మా చెల్లెలింటికి తాను స్కూటర్ మీద వస్తాడట, నన్ను బస్సెక్కమన్నాడు. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని మెకానిక్ మునెప్ప షెడ్డుకు వెళ్లాను. మునెప్ప మునక్కాయంత సన్నం.

“మా ఆయన ఎనకాల నువ్వు కూసోప్పా. ఇద్దురూ ఆ మిట్టెక్కి రాండి,” అన్నాను.

మిట్ట సగంలో గేరు జారిన చప్పుడు నాకు షెడ్డు దాకా వినబడింది.

“ఇప్పుడు ఎవురి బరువయ్యా?” అని తిరిగొచ్చాక అడిగాను. మా ఆయన ఆకాశం చూశాడు.

మునెప్ప గేర్లు మార్చే సెలెక్టర్‌ను విప్పి నా చేతిలో పెట్టాడు.

“సూడవ్వా, గేరును పట్టి నిలిపే గంటు అరిగి నున్నగా అయిపోయిండాది. నీ తప్పేం లేదు.”

కొత్తది దొరకదని, ఇత్తడి కరిగించి అరిగిన చోట నింపి, మధ్యాహ్నం దాకా ఆకురాయితో గంటును మళ్లీ దిద్దాడు. తర్వాత నేనే ఎక్కి కూర్చున్నాను. అదే మిట్ట. గేరు కదిలితే ఒట్టు.

ఇంటికి రాగానే మా ఆయన కోడలితో, “నేను మొదుటినించీ సెలెక్టరే అనుకుంటా ఉండా,” అన్నాడు.

రేపు వెనక సీటు నాదే. కానీ మొదటినుంచీ తెలిసిన మనిషి నెల రోజులు నన్నెందుకు ఆడిపోసుకున్నాడో, మీలో ఎవరికైనా అర్థమైతే చెప్పండి.