బిగించినవాడే ముందు ఎక్కాలి

మా మేనమామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పంచుతున్నాను. "మీ మావ పడుకున్నోడు పడుకున్నట్టే ఉన్నాడే అమ్మీ, మరి లెగలేదు" అంది. మిగిలిన గుడ్లు పంచేసి, తాళం ఆయాకి ఇచ్చి బయల్దేరాను. పని సగంలో వదిలి పరిగెత్తి ఉంటే ఆయనే తిట్టేవాడు. ఆ రోజు కళింగపట్నం ఒడ్డున ఒక్క బోటు కదల్లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికి వారే మానుకున్నారు.

శవం దగ్గర చాలామంది పెద్ద మాటలు అన్నారు. నాకు అంత పెద్దవి రావు. ఆయన చేసిన పని చిన్నది. చేపల బోటు వెనక చెక్కకి మోటారు బిగించడం. తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు వచ్చాక మా ఊళ్లో ఆ పనికి ఆయనే దిక్కు. మోటారు మరీ పైకి ఉంటే గాలి పీల్చి అరుస్తుంది, మరీ కిందికి ఉంటే బోటును వెనక్కి పట్టేస్తుంది. అందుకని తాడు కట్టి ఎత్తు చూసుకునేవాడు. బోల్టులు బయటి నుంచి దూర్చి, నట్లు లోపలి వైపు పెట్టేవాడు. వదులైతే నడిపేవాడి కంట పడాలని. ఒక నట్టు కొంచెం, దాని ఎదుటి నట్టు కొంచెం, అలా మార్చి మార్చి తిప్పేవాడు. కండ బలం ఉంది కదా అని ఎవరైనా ఒకే నట్టును బిగించేస్తే, "ఒరే, దాని మీద నీకేటి కోపం? సమంగా తిప్పు" అనేవాడు. వాషర్లు పురికొసకు గుచ్చి మొలకు కట్టుకునేవాడు. నడుస్తుంటే గలగలలాడేవి. "గజ్జెల గుర్రం వస్తన్నాది" అని అత్త నవ్వేది.

మాట మాత్రం కరుకు. ముహూర్తం పెట్టించుకుని వచ్చినవాళ్లను కూడా, చెక్క నానిపోయిందని నిర్మొహమాటంగా తిప్పి పంపేవాడు.

ఆయనకొక పట్టుదల ఉండేది. మోటారు బిగించినవాడే ఆ బోటు మొదటి ప్రయాణంలో ఎక్కాలి. కెరటాల వరస దాటేదాకా వెనక కూర్చుని అరచేయి చెక్కకి ఆనించి ఉంచేవాడు. ఆ కెరటాల మధ్య మోటారు ఊడితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. "నాను బిగించినాను, మీరెల్లి సావండి అంటే కుదరదు కదేటి" అనేవాడు. తిరిగొచ్చాక, చెక్క నొక్కుకుని వదులైన నట్లను మరోసారి బిగించి, ఆ బోటు వాళ్లింట్లో చోడంబలి, అదే రాగి అంబలి, తాగి వెళ్లేవాడు. బోటుకి కొబ్బరికాయ కొట్టేవారు, హారతి ఇచ్చేవారు. కానీ మా ఆడవాళ్లకు ధైర్యం వచ్చేది ఆయన ఎక్కి కూర్చున్నాకే.

కొన్నేళ్లకు ఆయన పనులు ఒప్పుకోవడం తగ్గించాడు. ఒకరితో చెక్క బాగాలేదన్నాడు, ఇంకొకరితో బోల్టులు నాసిరకం అన్నాడు. ముసలాడికి టెక్కు పెరిగిందని ఊరు అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ఒక ఏడు వేసవిలో, చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో మా ఆయన మా బోటుకి కొంచెం పెద్ద మోటారు తెచ్చాడు. మావ వచ్చి చెక్క తట్టి చూసి, "ఈ సెక్క మొయ్యదు" అని వెళ్లిపోయాడు. మా ఆయన చెక్క మార్పించాడు. మావ మళ్లీ వచ్చాడు, తట్టాడు, "అయినా నానొల్లను" అన్నాడు.

మా ఆయనకు ఒళ్లు మండింది. "మేనగోడలి మొగుడినే ఇలగ తిప్పుతావేటి మావా? నరసన్నపేట నుంచి మెకానిక్కుని తెచ్చుకుంటాను."

"తెచ్చుకో."

నిషేధం ముగియబోతోంది. పక్క బోట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. మా ఆయన ఆ కెరటాలు దాటాలంటే మావ కళ్ల ముందే ఆ నట్లు బిగియాలి, అంతకుమించి నాకేమీ తెలియదు. వాళ్లింటికి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. "నా పసుపు కుంకం నీకు బరువైపోనాదేటి?" అని కూడా అనేశాను.

"బోటు ఎక్కలేనే అమ్మీ. కెరటం కొడితే గుండె పట్టేస్తన్నాది. డాక్టరు ఒద్దన్నాడు. ఎక్కలేనోడు బిగించకూడదు" అన్నాడు మావ.

ఇన్నాళ్లూ చెక్కల్లో, బోల్టుల్లో తప్పులు వెతికింది అందుకన్నమాట. నాకు కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. "అయితే ఎక్కేవోడి సేతే బిగించు. నువ్వు కూకోని సెప్పు" అన్నాను. ఇది ఆయనకు ముందే తట్టి ఉంటుంది. కానీ పానా ఒకసారి ఇంకొకరి చేతికిస్తే ఇక తన దగ్గరకు తిరిగి రాదని ఆయనకు తెలుసు. అయినా మొలకున్న పురికొస విప్పి, వాషర్లతో సహా నా చేతిలో పెట్టాడు.

మర్నాడు ఒడ్డున ఐసు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. మా ఆయన బోటులో నట్లు తిప్పుతుంటే, నేను బయట ఇసుకలో నిలబడి బోల్టు తల తిరక్కుండా పట్టుకున్నాను. "అటు. సాలు. ఇప్పుడిటు. సాలన్నాను కదరా!" అంటూ ఎండెక్కేదాకా ఇద్దరినీ తిట్టాడు. మా ఆయన చెప్పింది చెప్పినట్టు తిప్పాడు. అంతా అయ్యాక మావ లేచి నట్ల మీద చేయి వేయబోయి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నువ్వే సూసుకో" అన్నాడు.

ఆ మోటారు ఇప్పటికీ నడుస్తోంది. మా ఆయన వేటకెళ్లి ఇంటికి తిరిగొస్తున్నాడు. అందుకు నేను మావకి ఎంత రుణపడ్డానో ఒక్కసారీ చెప్పలేదు. మా ఇళ్లలో మేనమామకు అలాంటివి చెప్పరు. చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

నిషేధం ఎత్తేసిన రోజు మోటారు పైకి లేపి పెట్టి, అందరూ కలిసి మా బోటును నీళ్లలోకి తోశారు. మావ కూడా వెనక మూల మీద చేయి వేశాడు. నడుము లోతులో తోసేవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వచ్చేశారు. ఆయన రాలేదు. చేయి తీయకుండా బోటు పక్కనే నడిచాడు. "ఓలమ్మో, ఎనక్కి రా!" అని అత్త ఒడ్డు నుంచి కేకలు పెడుతోంది. నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి.

"ఇంక ఒగ్గెయ్ మావా!" అని మా ఆయన అరిచాడు.

అప్పుడు వదిలాడు. బోటు కాస్త ముందుకు పోయాక మోటారు నీళ్లలోకి దిగింది, అందుకుంది. మొదటి కెరటం ఎక్కింది, రెండోది ఎక్కింది. నేను మా ఆయన్ని చూడాల్సింది, మావనే చూస్తూ ఉండిపోయాను. బోటు కెరటాల అవతలికి చేరినా ఆయన ఆ రొమ్ము లోతు నీళ్లలోనే నిలబడి ఉన్నాడు, కుడిచేయి ముందుకు చాచి, అరచేయి నీటి మీద ఆనించి.