మేము నూకి పంపిన ఎర్ర మోటరు

1961 ఫిబ్రవరి 12, ఆదివారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు కరీంనగర్‌లో వకీలు సాబు గారి ఎర్ర మోటరును ఒక దొంగ ఎత్తుకుపోయాడు. సమయాన్ని ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, ఆ మోటరును వెనకనుంచి నూకినవారిలో నేనూ ఒకణ్ణి కావడమే. నూకిన వెంటనే చేతి గడియారం చూసుకున్నాను. చర్చిలో ఆరాధన మొదలై పది నిమిషాలైందన్న చింత తప్ప ఆ క్షణాన నాకు మరే చింతా లేదు.

మా బాపు ఆ మోటరుకు డ్రైవరు. మిషను ఆసుపత్రి బండి మీద పని నేర్చుకుని, ఆ తరువాత వకీలు సాబు గారి కొలువులో చేరాడు. అక్షరాలు రావు గాని ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పగలిగేవాడు. ఆయన జీతంతోనే నేను హైదరాబాదులో ఉండి బి.ఏ. చదివాను. మా వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. ఆ రోజుల్లో ఉద్యోగపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ ఇంటివద్ద ఉన్నాను.

ఆ మోటరు గురించి కొంత చెప్పాలి. జాగీర్లు రద్దైన తరువాత హైదరాబాదులో ఒక పెద్ద ఇంటివారు అమ్మకానికి పెట్టినప్పుడు సాబు దాన్ని కొన్నారు. ఇద్దరు మాత్రమే కూర్చోగల, పైన గుడ్డకప్పు ఉన్న స్పోర్ట్స్ కారు అది. నేలకు జానెడెత్తున ఉండేది. మా జిల్లాలో అటువంటిది మరొకటి ఉన్నట్టు నేను వినలేదు. సాబు ఇంట్లో ఏ వస్తువును ఎవరు ముట్టుకున్నా పట్టించుకునేవారు కాదు గాని, ఆ మోటరు మీద చేతి వేలి గుర్తు కనిపిస్తే తమ ధోవతి కొసతో తామే తుడిచేవారు.

దానికి ఉన్న లోపం ఒక్కటే. బ్యాటరీ చచ్చిపోయింది. ఎవరో ఒకరు వెనకనుంచి నూకితే తప్ప ఇంజను అందుకునేది కాదు. కొత్త బ్యాటరీ తెప్పిద్దామని బాపు అడిగినప్పుడల్లా సాబు నవ్వేవారు.

"ఎందుకయ్యా? బజారంత మనకు బ్యాటరీయే గదా!"

ఆ మాటలో నిజం లేకపోలేదు. సాబు బండి కదలాలంటే చాయ్ హోటలు వాళ్లు గ్లాసులు దించి వచ్చేవారు. హమాలీలు మూటలు దించి వచ్చేవారు. ఆ ఎర్ర మోటరును నూకడం మా వీధికి ఒక మర్యాద, ఒక వేడుక. నూకకుండా చూస్తూ నిలబడినవాణ్ణి తరువాత రెండు రోజులు ఎగతాళి చేసేవారు. నూకేవాళ్లు లేనిదే కదలని బండిని ఎవరు దొంగిలిస్తారన్న ధీమాతో తాళంచెవిని కూడా బండిలోనే ఉంచమని సాబు ఆజ్ఞ.

ఆ ఆదివారం సాబు లోపల కక్షిదారులతో మాట్లాడుతున్నారు. ఆయన అనుమతితో బాపు ముందే చర్చికి వెళ్లాడు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని, చేతిలో బైబిలుతో ఆ వీధి గుండా వెళుతున్నాను. మోటరులో ఖాకీ కోటు తొడుక్కున్న ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వెనక నలుగురు చేతులానించి సిద్ధంగా ఉన్నారు. వాళ్లలో ఒకడైన హోటలు యజమాని నన్ను చూడగానే అరిచాడు.

"బీఏ సాబు అస్తుండు, జరగుండ్రి! చొక్కా నలుగుతదేమో!"

మోటరులోని మనిషి వెనక్కి తిరిగి ఎంతో చనువుగా నవ్వాడు. "తమ్మీ, మీ బాపు చర్చిల ఉన్నడు గదా. బండి గ్యారేజీకి తీస్కపొమ్మని నాకు చెప్పిండు. జర ధక్కా ఇయ్యి."

మా బాపు చర్చిలో ఉన్న సంగతి తెలిసినవాడు మా బాపు మనిషే అనుకున్నాను. పైగా, పట్టభద్రుడు శ్రమకు సిగ్గుపడరాదన్న ఉదాత్త భావం ఒకటి ఆ క్షణాన నన్ను ఆవహించింది. బైబిలును ప్రహరీగోడ మీద పెట్టి, అందరికంటె గట్టిగా నూకాను. ఇంజను అందుకుంది. ఆ మనిషి చెయ్యి ఊపి, జగిత్యాల రోడ్డువైపు తిరిగి వెళ్లిపోయాడు.

ఆరాధన ముగిసి బాపూ నేనూ కలిసి వచ్చేసరికి పదకొండు దాటింది. గేటు ముందు ఖాళీగా ఉంది.

"సాబు ఎటో పోయినట్టుండు" అన్నాడు బాపు.

"సాబు గాదు బాపూ. నువ్వు పంపిన మనిషే గ్యారేజీకి తీస్కపోయిండు గదా."

"నేనెవల్ని పంపిన?"

ఆయన ముఖం చూసిన తరువాత నాకు ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

మేము చెప్పింది విని సాబు బయటికి వచ్చి ఖాళీ స్థలాన్ని చాలాసేపు చూశారు. కోపగించలేదు. కోపగించడం కంటె అది భరించలేనిదిగా ఉంది. కోపమంతా ఆయన మున్షీకి వచ్చింది. వకీలు కాగితాలు, కక్షిదారులు అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. మున్షీకి మా బాపు అంటే మొదటినుంచీ గిట్టదు.

"తండ్రి ప్రార్థనల కూసుండె, కొడుకు నూకి తోలిచ్చె. మంచిగనే కుదిరింది! బండి ఎక్కడున్నదో ఈళ్లనడిగితే తెలుస్తది సాబ్."

బాపు తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి. ఆ ఇంట్లో పని పోతే, పోయిన తీరు ఊరంతా తెలిస్తే, మళ్లీ ఎవరూ ఆయన చేతికి తాళంచెవి ఇవ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఠాణాలో ఇవ్వవలసిన ఫిర్యాదును సాబు నన్నే రాయమన్నారు. "చూసినోడివి నువ్వే. నువ్వే రాయి." వరండాలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. 'కొందరు మనుష్యులు వెనుకనుండి నెట్టగా' అన్నచోట కలం ఆగింది. ఆ 'కొందరు' అనే మాట వెనక నేను దాక్కోవచ్చు. ఠాణా కాగితంలో నా పేరు పడితే మున్షీ అనుమానానికి నేనే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. బాపు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

చెప్పాను.

"ఉన్నది రాయి. నువ్వు రాయకుంటే రేపు ఠాణాల హోటలాయిన చెప్తడు. అప్పుడు మనం దొంగలమే."

'కొందరు' కొట్టివేసి, హోటలు యజమానితో మొదలుపెట్టి నూకిన ఐదుగురి పేర్లూ రాశాను. చివరి పేరు నాది. 'ఈ ఫిర్యాదు వ్రాయుచున్న నేను, డ్రైవరు కుమారుడను' అని కూడా చేర్చాను.

సాబు ఒక కక్షిదారు జీపు ఇప్పించారు. బాపు నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. మా మీద కాపలాగా మున్షీ వెనక కూర్చున్నాడు. బాపుకు ఒక్క ఆశ ఉంది.

"పది పన్నెండు మైళ్లకోపారి దానికి దూపైతది. నీళ్లు పోసి సల్లారనియ్యాలె. మళ్ల నూకనిది లేవది. దొంగైనా, దొరైనా, మనుషుల్ని అడగాల్సిందే."

గంగాధర దగ్గర మోటబావి వద్ద ఆపి అడిగాం. నలుగురు రైతులు ముఖాలు వెలిగిపోగా ముందుకు వచ్చారు.

"ఎర్రదా? మేమే నూకినం! మా బిందెతోటే నీళ్లు పోసినం. మంచి మనిషి, దండం గూడ పెట్టిండు."

"దండం పెట్టిండా? దండుకపోయిండు!" అన్నాడు మున్షీ.

జగిత్యాల ఇవతల ఒక పెళ్లివారి గుంపు కనబడింది. వాళ్లు ఇంకా ఘనంగా చెప్పారు. పెళ్లికొడుకు తప్ప అందరూ చేయి వేశారట. బాజావాళ్లు ముందు నడుస్తూ వాయించారట. "గసొంటి బండిని నూకుడు మల్ల దొరుకుతదా?" అని ఒక ముసలాయన మమ్మల్నే అడిగాడు. అది దొంగబండి అని బాపు చెబితే ఆయన నమ్మలేదు. "దొంగోడు గంత నిమ్మలంగ చాయ్ తాగుతడా?" అన్నాడు.

జీపు కదిలిన తరువాత మున్షీ వెనకనుంచి ముందుకు వంగాడు. మెల్లగా అన్నాడు. "అయితే గీ తొవ్వ పొంట అందరు నూకినోళ్లే."

"అందరు నూకినోళ్లే మున్షీ సాబ్" అన్నాడు బాపు. "ఎవల్ని జైల్ల ఏస్తరు?"

మేము ధర్మపురి చేరేసరికి మూడు గంటలు కావస్తోంది. గోదావరి ఒడ్డుకు దిగే దారి మొదట్లో జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ల మధ్య మా ఎర్ర మోటరు. దాని ముక్కు మీద పసుపు, కుంకుమ బొట్లు. లోపల మనిషి లేడు. బాపు జీపు ఆపీ ఆపకుండానే దిగి పరుగెత్తి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, దీపాలను, అద్దాన్ని తడిమి చూశాడు.

జరిగింది అక్కడ కొబ్బరికాయలు అమ్మే అవ్వ చెప్పింది. ఆ మనిషి మధ్యాహ్నం వచ్చి, గోదావరి నీళ్లు తెచ్చి బండికి పోసి, స్నానాలు చేసి వస్తున్నవాళ్లను నూకమన్నాడు. వాళ్లు చేతులు వేయబోయారు. ఈ అవ్వే అడ్డం వెళ్లింది. కొత్తబండి దేవుని ఊరికి, గంగ ఒడ్డుకు వస్తే కొబ్బరికాయ కొట్టకుండా కదలనివ్వరు అక్కడ. కాయ తెచ్చింది. పూజారి వచ్చి బొట్లు పెట్టి, పూజ ఎవరి పేరు మీద అని అడిగాడు.

"నాతోటి నా బండే అన్నడు. అయ్యగారు గోత్రమడిగేసరికి మా దొర బండి అన్నడు. దొర పేరేందయ్యా అంటె మొకం గుంజుకున్నడు. 'ఏమన్నా, ఇందాక నీదే అంటివి గదా, గింతల దొరదెట్లాయె?' అన్న. చిల్లర దెస్త అని పోయిండు. గంటన్నరాయె. కాయ ఇంక నా చేతులనే ఉన్నది!"

అందరూ నవ్వారు. అయితే బండిని మేము తీసుకుపోతామనగానే నవ్వు ఆగింది. పూజారి బాపును కూడా అదే ప్రశ్న అడిగాడు. బండి ఎవరిది, గోత్రమేమిటి?

బాపు టోపీ తీశాడు. "బండి మా వకీలు సాబుది అయ్యగారూ. నేను డ్రైవర్ని. మేం మిషనోళ్లం, మాకు గోత్రం లేదు. సాబు గోత్రం నాకెరుక లేదు. నాకు బండి సంగతే ఎరుక."

అవ్వ చప్పట్లు చరిచి నవ్వింది. "గాయిన అడిగినకొద్ది మాట మార్చిండు. గీయిన ఎరుక లేనిది ఎరుక లేదన్నడు. గీయిననే డ్రైవరు, ఇయ్యుండ్రి!"

పూజారి ఇంకా సందేహిస్తూనే ఉన్నాడు. అప్పుడు మున్షీ ముందుకు వచ్చాడు. సాబు పేరు, గోత్రం, నక్షత్రం గడగడా చెప్పాడు. తరువాత బాపు భుజం మీద చెయ్యి వేసి, ఎవరూ అడగకుండానే, "గీయన మా డ్రైవరే. నేను జమానతు" అని పూచీ పడ్డాడు. కొబ్బరికాయ పగిలింది. బాపు స్టీరింగు పట్టుకున్నాడు. స్నానం చేసి వచ్చినవాళ్లు, అవ్వ, నేను, అందరం నూకాం. మున్షీ కూడా కండువా నడుముకు చుట్టి నూకాడు. తిరుగుదారిలో జీపును ఆయనే నడిపాడు. ఆయనకు జీపు నడపడం వచ్చునని మాకు అప్పటిదాకా తెలియదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. సాబు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మోటరును చూసి, కుంకుమను ధోవతితో తుడవబోయి, మానుకున్నారు. తరువాత మమ్మల్ని లోపలికి పిలిచి, ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదు నకలును నా చేతికిచ్చి బిగ్గరగా చదవమన్నారు. నేను రాసిందంతా ఉంది. దాని కింద ఆయన చేతిరాతలో మరికొన్ని మాటలు ఉన్నాయి.

'తాళంచెవి బండిలోనే ఉంచవలెనన్నది నా ఆజ్ఞ. బ్యాటరీ మార్చవలెనని నా డ్రైవరు పలుమార్లు చెప్పినాడు. నేను వినలేదు. తప్పు నాది. నా డ్రైవరు మీద గాని, అతని కుమారుని మీద గాని నాకు ఎట్టి అనుమానము లేదు.'

'తప్పు నాది' అన్నచోట చదవడం ఆపి బాపువైపు చూశాను. బాపు నన్ను మోచేత్తో పొడిచి, "ఆగకు, మొత్తం సదువు" అన్నాడు.

"నీ కొడుకు తన పేరు దాచుకోలే" అన్నారు సాబు ఆయనతో. "వానికంటె పెద్దోణ్ణి, నేనెట్ల దాచుకుంట?"

దొంగ దొరకలేదు. ఆ వారంలోనే హైదరాబాదునుంచి కొత్త బ్యాటరీ వచ్చింది. అప్పటినుంచి బండి ఆపిన ప్రతిసారీ బాపు ఇంజనులో రోటరు అనే చిన్న ముక్కను తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. అది లేనిదే ఎందరు నూకినా ఇంజను అందుకోదు. ఆయన 1968 దాకా ఆ ఇంటనే పని చేశాడు. ఆ మోటరు మళ్లీ దొంగల పాలు కాలేదు.