డాక్టరమ్మ చెప్పిన మచ్చ

“మచ్చంటే ముఖం మీద మచ్చే అనుకున్నాను తమ్ముడూ. ఈ వయసులో నన్నెవరు పెళ్లిచూపులకు పిలుస్తారులే అని నవ్వేసి వచ్చేశాను.”

అంటూనే లేచి, కిటికీ పరదా ఇంకాస్త లాగి, మళ్లీ మంచం మీదకు చేరాడు మా వీధి గడియారాలాయన. కూర్చున్నాడన్న మాటే గాని కాలు ఆడుతూనే ఉంది. నేను మాస్కు పెట్టుకుని గుమ్మంలోనే స్టూలు వేసుకున్నాను. ఎంపాక్స్ పొక్కులు చెక్కు కట్టి రాలిపోయి, కింద కొత్త చర్మం వచ్చింది. కుడి కన్ను మాత్రం ఎర్రగా, సగం మూసుకుని ఉంది.

మొదట జ్వరం, ఒళ్లునొప్పులు. ఆపైన మెడలో, గజ్జల్లో బిళ్లలు కట్టాయి. గొంతులో పుండ్లు లేచి గుటక పడలేదు. ఆయాసమంటే ఊపిరితిత్తులూ గుండే పరీక్షించారు. అవి బాగానే ఉన్నాయట.

“తోలుజబ్బనుకున్నానా, అద్దెకొచ్చినవాడిలా గది గదీ చూసింది,” అన్నాడు.

కంటిదాకా రావడం మాత్రం ఆయన చేజేతులా చేసుకున్నదే. వేలి మీద పొక్కు పచ్చిగా ఉండగానే, ఊరికే ఉండలేక ఓ చేతిగడియారం విప్పాడు. భూతద్దం కుడి కంటికి బిగించడం, తీయడం, కన్ను నలుపుకుని మళ్లీ బిగించడం ఆయన అలవాటు. వేలిది కంటికంటింది. డాక్టరమ్మ చుక్కలమందు రాసి, మానేస్తే మచ్చ ఉండిపోతుందంది. మంటగా ఉందని ఈయన మానేశాడు.

వెలుతురు చూడలేకపోవడంతో నిన్న మళ్లీ వెళ్లారు. నల్లగుడ్డు మీద మచ్చ పడిందని చెప్పి, మిగతాది డాక్టరమ్మ ఈయన భార్యతో వరండాలో మాట్లాడింది.

“ఏమందే ఆవిడ?” వంటింటివైపు కేకేశాడు.

“చుక్కలు మానొద్దంది. కుదురుగా కూర్చోమంది. రెండోది మీవల్ల కాదులెండి.”

ఆయన నవ్వలేదు. ఎడమ కన్ను అరచేత్తో మూసి, రెండో చేతి వేళ్లు ముఖం ముందు విప్పి చూసుకున్నాడు. దగ్గరకు తెచ్చాడు, దూరం జరిపాడు. చెయ్యి దించేశాడు.

“పక్కగా ఉంటే పని చేసుకోవచ్చట. సరిగ్గా మధ్యలో ఉంటే...” గొంతు తగ్గించాడు. “నేనడిగితే మీ వదిన మాట దాటేస్తోంది. నువ్వు మంచినీళ్లకు వెళ్లినట్టు వెళ్లు. మధ్యలోనా, పక్కనా, అదొక్కటీ అడుగు తమ్ముడూ. తలుపు మాత్రం వెయ్యకు, ఇక్కణ్నించి వింటాను.”