ఇంట్లనే ఉంటది

చండ్రుగొండ తోటల్లో పొడవాటి గెడకు వల కట్టిన చిక్కంతో మామిడికాయ కోయడంలో రాజ్యశ్రీకి సాటి లేదు. ఆమె కోసిన కాయ నేల రాలేది కాదు.

క్యాన్సర్ వచ్చి కుడి రొమ్ము తీసేయాల్సి వచ్చింది. కొత్త రొమ్ము ఎలా అమరుస్తారో సర్జన్ వివరించింది. "వీపు కండ ముందుకు తిప్పి, దాని కింద ఇంప్లాంట్ పెడతాం. కాకపోతే చేయెత్తి బలంగా లాగే పనులు కష్టమవుతాయి. అలాంటి పనులు చేసేవాళ్లకైతే పొట్ట దగ్గరి కొవ్వుతో చేస్తాం. మీరేం చేస్తారమ్మా?"

రాజ్యశ్రీ నోరు తెరిచేలోపే భర్త మురళీకృష్ణ అందుకున్నాడు. "మా ఆడోళ్లు పనికి పోరు మేడమ్. ఇంట్లనే ఉంటది."

భూమున్న ఇంట్లో భార్య చెమటోడుస్తుందని చెప్పుకోవడం నామోషీ మరి! పరాయివాళ్ల ముందు భర్త మాట కాదనడం ఇష్టంలేక ఆమే ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఇప్పటికీ ఆమెను తొలుస్తోంది.

వీపు కండతో అమర్చిన రొమ్ము చక్కగా కుదిరింది. వేసవిలో చిక్కమెత్తి లాగబోతే మాత్రం చేయికి బలం చాలలేదు, కాయ రాలి పగిలింది.

ఈ ఏడు కోతకు కూలోళ్లను పెట్టారు. మురళీకృష్ణ గుమ్మంలో నిలబడి, "తోటకు రారాదు? నువ్వు జర చూసుకుంట కూసున్నా చాలు" అని బతిమాలాడు.

"ఇంట్లనే ఉంటదని చెప్పిన్రు గదా," అంది రాజ్యశ్రీ. "ఉంటున్న."