పొయ్యి మీద కుండ

వీడియో గేములు ఆడి, పోరాటానికి, కథకి, ఆటలో కట్టిన లోకానికి విడివిడిగా మార్కులు వేసి ఒక పత్రికకి రాయడం అప్పట్లో నా పని. సీలేరు బస్సు చింతపల్లిలో టీకి ఆగినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, అడవిలో యుద్ధం ఆట ఒకటి మొదలుపెట్టాను. పక్క సీటు పెద్దాయన అదే పనిగా తొంగి చూస్తుంటే నాకు అనుమానం వచ్చి, బ్యాగు కాళ్ల మధ్యకి లాక్కున్నాను.

తెర మీద నేను తుపాకీ పట్టుకుని ఒక కొండ ఊళ్లోకి దిగి, గుడిసె తర్వాత గుడిసె వెతుకుతున్నాను.

“ఈ ఊరోళ్లేరి బాబూ?” అన్నాడాయన.

“ఇది ఆటండీ. ఊళ్లో మనుషుల్ని పెట్టలేదు.”

“పొయ్యి మీద కుండుంది కదా. నువ్వొస్తన్నావని తెలిసి కొండెక్కీసినారు.”

ఆ కుండని నేను అంతవరకు చూడనేలేదు. అది చూశాక, ఈ ఆట లోకానికి పదికి తొమ్మిది వేద్దామనుకున్నాను. ఇప్పటికీ ఏ ఆటలో ఊరు కనిపించినా ముందు పొయ్యి వైపే చూస్తాను.

“మీదే ఊరండీ?” అని మాట కలిపాను.

ఆయన నా ముఖాన్నీ, తెర మీది తుపాకీనీ మార్చి మార్చి చూశాడు. “ఇటేపే” అని, సంచీ తీసుకుని వెనక సీటుకి వెళ్లిపోయాడు.

అడవి మధ్యలో, రెండు కాలిబాటలు చీలే చోట దిగాడు. బస్సు కదిలినా ఆయన కదల్లేదు. మేం మలుపు తిరిగేదాకా ఏ బాటా పట్టకుండా, నా కిటికీ వైపే చూస్తూ నిలబడ్డాడు.