బావ సన్నాయికి పడని అక్షింతలు

ఆ రోజుల్లో కీబోర్డులో సన్నాయి అచ్చం సన్నాయిలాగే పలకాలని పంతాలకు పోయేవాళ్లం. ఇప్పుడు సమస్త వాద్యాలూ ఫోనులోనే మోగుతున్నాయి, ఎవరికీ పట్టింపు లేదు. నాకు ఉండేది. (ఇప్పటికీ ఉంది, ఏం?) విజయనగరం చుట్టుపక్కల పెళ్లిళ్లకు తిరిగే మా మేనమావ ఆర్కెస్ట్రాలో కీబోర్డు నాదే. ఇంతలో మా అక్క మొగుడు కొత్త కీబోర్డు కొని దిగబడ్డాడు. "నీ వీణ గిన్నె మీద గరిటె కొట్టినట్టున్నాదే. నాది సూడు, అచ్చం బొబ్బిలి వీణే!" అనేవాడు. తీగ మీద వేలు జారిన చప్పుడే వినబడని వీణ ఏం వీణండీ? ఆ మాటే మొహం మీద అన్నాను. రోజూ ఈ రభస పడలేక మావ తేల్చేశాడు: "రేపు నెల్లిమర్ల పెళ్లిలో ఇద్దరూ వాయించండి. ఎవల్ది నిజంలాగ ఉంటాదో ఆళ్లే ఈ సీజనంతా స్టేజీ మీద కూకుంటారు." ఆడపిల్లకు స్టేజీలేమిటని ఇంట్లో అప్పటికే సణుగుతున్నారు. ఓడిపోతే ఆ సాకుతో శాశ్వతంగా మాన్పించేస్తారు.

మర్నాడు మా పాటలు భోజనాల వేళకు. ముహూర్తానికి ఇంకా టైముందని అసలు సన్నాయివాళ్లు కాఫీకి వెళ్లారు. మైకు చూసుకునే నెపంతో మా పోటీ మొదలైంది. బావ సన్నాయి మెత్తగా, పద్ధతిగా సాగింది. పందిట్లో ఒక్కరూ తల తిప్పలేదు. నా వంతు రాగానే ఎడంచేత్తో డోలు, కుడిచేత్తో సన్నాయి, రోషం కొద్దీ ఏకంగా గట్టిమేళమే అందుకున్నాను.

అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కాచుకున్న జనం గట్టిమేళం వింటే ఆగుతారా? జల్లేశారు! కంగారులో పెళ్లికొడుకు తాళి అందుకుని ఒక ముడి వేసేశాడు. "ముహూర్తం ఇంకా రాలేదర్రా!" అని పంతులుగారు గావుకేక పెట్టారు. విప్పితే అశుభం, కానిస్తే వేళ కాలేదు. "ఒదలకు బాబూ, అలాగే పట్టుకో!" అన్నారాయనే. పాపం ఆ అబ్బాయి పెళ్లికూతురి మెడ వెనక దారం కొసలు పట్టుకుని ముహూర్తం వచ్చేదాకా వంగే నిలబడ్డాడు. అసలు సన్నాయివాళ్లు కాఫీ వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"సూసినావా మావా, పెళ్లి పాడుసేసీసినాది!" అన్నాడు బావ.

"నీ సన్నాయికి ఒక్క గింజైనా పడినాదేటి బావా?" అన్నాను.

మావ జుట్టులోంచి అక్షింతలు దులుపుకుంటూ నవ్వాపుకోలేక, "ఇదే కూకుంటాది, పోరా!" అన్నాడు. పెళ్లివారికి క్షమాపణ చెప్పమన్నారు. నేను చెప్పలేదు. సన్నాయి సన్నాయిలా పలకడం నేరమా?

మొన్న ఆ కీబోర్డు అటక మీంచి దించి మా అమ్మాయికి వినిపించాను. "సన్నాయేటమ్మా ఇది? బస్సు హారన్‌లాగున్నాది" అంది. మళ్లీ విన్నాను. ఖర్మ, హారనే. దీన్ని పట్టుకునా అంత ఎగిరాను అని నవ్వొచ్చింది, ఎందుకో కళ్లు కూడా చెమర్చాయి. అయినా ఒప్పుకుంటానా?

"అక్షింతలు పడ్డ సన్నాయే ఇది, నోర్ముయ్!" అన్నాను.