ట్యాప్ తెరిచే ఉంది

సాయంత్రం పశువులను కొట్టంలోకి తోలాక, బైకాదమ్ షెడ్డు గోడకున్న మేకు నుంచి సన్నటి ఇనుప తీగ తీసుకుంటాడు. నీలం ట్రాక్టర్ పక్కన ఒక మోకాలు మంచులో ఆనించి, ఇంజన్ పక్కన కిందుగా ఉన్న చిన్న ట్యాప్ మూతి దగ్గర ఆ తీగ చివర పెట్టి చూస్తాడు. ట్యాప్ మూసే ఉంటుంది. ఇప్పుడా ఇంజన్‌లో నీళ్లు పోయడం లేదు. గడ్డకట్టని పచ్చటి ద్రవం పోస్తున్నారు, దాన్ని చలికాలమంతా దించక్కర్లేదు. తీగతో పని లేదని అతనికీ తెలుసు. అయినా చూస్తాడు, చూసి తీగను మళ్లీ మేకుకు తగిలిస్తాడు. మా కోస్‌కుదుక్ ఊళ్లో అన్నిటి మీదా హాస్యమాడే తుర్లిబెక్ కూడా దీని మీద ఆడడు.

ఆ ద్రవం దొరకని రోజుల్లో ఊరంతా నీళ్లతోనే ట్రాక్టర్లు నడిపేవాళ్లు. నీళ్లు ఇంజన్‌లో గడ్డకడితే ఉబ్బి ఇనుమును చీల్చేస్తాయి. అందుకని పని అయిపోగానే రెండు ట్యాపులూ తిప్పి, రేడియేటర్‌లోవీ ఇంజన్‌లోవీ నీళ్లన్నీ దించెయ్యాలి. రేడియేటర్ ట్యాప్‌తో పేచీ లేదు. ఇంజన్ పక్కనున్నదాన్ని మాత్రం నమ్మడానికి లేదు. మా బావి నీళ్లకు లోపల తెల్లగా సున్నపు పొక్కు కడుతుంది. ఆ పొక్కు ఊడి ట్యాప్‌లో అడ్డం పడుతుంది. ధార ఆగిపోతే నీళ్లయిపోయాయనుకుంటాం. తీగతో పొడిస్తే మళ్లీ బుడబుడా వస్తాయి. పొడిచాక, నీళ్లు లేవని రాసిన చెక్కముక్క స్టీరింగ్‌కు తగిలించాలి. ఆ చెక్క కనిపిస్తే ఎవరూ వంగి చూడరు, దాన్ని తగిలించినవాడి మాట మీద నమ్మకం.

పొద్దున మళ్లీ మొదలు. బానలో నీళ్లు మరగాలి. ఇంజన్ కింద రేకు పళ్లెంలో పిడకల నిప్పు పెట్టి నూనె కరిగించాలి. డీజిల్ పేరుకున్న నెయ్యిలా ఉంటుంది, దాని గొట్టాన్ని వేడిగుడ్డలతో చుట్టాలి. మొదటి బకెట్టు ట్యాపులు తెరిచే పొయ్యాలి. కింద కారేవి చేతికి వెచ్చగా తగిలాక ట్యాపులు మూసి మిగతావి పొయ్యాలి. అప్పుడు పక్కనున్న చిన్న పెట్రోలు ఇంజన్‌కు తాడు చుట్టి లాగితే, అది లేచి పెద్దదాన్ని లేపుతుంది.

ఎవరి ట్రాక్టర్ ముందు లేస్తే వాడు మిగతావాళ్లవి గొలుసు కట్టి లాగి లేపాలి, ఆ తర్వాతే తన గడ్డికి వెళ్లాలి. మా ఊరి పద్ధతది. ఏళ్ల తరబడి ముందు లేచింది బైకాదమ్‌దే. "చలి కుక్క లాంటిది. పరిగెత్తావా, కరుస్తుంది," అనేవాడు. తుర్లిబెక్ గొలుసు పట్టుకుని వస్తూ, "బైకాదమ్ చేతిలో పెడితే చచ్చిన గొర్రె కూడా స్టార్టవుతుంది," అనేవాడు. ఆ మాటకు బైకాదమ్ నవ్వేవాడు కాదు గానీ, రోజూ దానికోసం ఎదురుచూసేవాడు.

ఈ సంగతి జరిగింది కోడలు అక్‌మారల్ బైకాదమ్ ఇంటికి వచ్చిన మొదటి చలికాలంలో. కొడుకు ఎర్తాయ్ గనిలో పనికి వెళితే నెల తిరిగేదాకా వచ్చేవాడు కాదు. ఇంట్లో ఆమె, అత్తగారు కుల్బరామ్, మావగారు. కోడలు మావగారి పేరు పలకదు, ఆయన నడిచే దారికి అడ్డం దాటదు, పెద్దల మధ్య నోరెత్తదు. అక్‌మారల్ ఇవన్నీ పాటించేది. తెల్లవారకముందే లేచి బాన కింద నిప్పు పెట్టేది ఆమే. షెడ్డు గుమ్మం దగ్గర వేడినీళ్ల బకెట్లు దించి వెనక్కి వచ్చేసేది. ట్రాక్టర్ దగ్గరికి ఎప్పుడూ వెళ్లలేదు, ఎవరూ రమ్మనలేదు.

చలికాలపు మాంసానికి గుర్రాన్ని కోసి విందు పెట్టిన రోజున అక్‌మారల్ అమ్మానాన్నలు వచ్చారు. వియ్యంకులంటే మా దగ్గర దేవుడి తర్వాత కూర్చోబెట్టేది వాళ్లనే. వాళ్లొచ్చేసరికి ఇంటి పెద్ద గుమ్మంలో నిలబడకపోతే ఆ మాట ఏడు ఊళ్లకు పాకుతుంది. బైకాదమ్ అప్పుడే గడ్డి తెచ్చి ట్రాక్టర్ ఆపాడు. వియ్యంకుల బండి గంటలు వీధి చివర వినిపించాయి. రెండు ట్యాపులూ తిప్పాడు. రేడియేటర్ నీళ్లు ధారగా పోయాయి. ఇంజన్ పక్కది కాసేపు కారి, సన్నబడి, ఆగింది. తీగ షెడ్డు లోపల మేకుకుంది. బండి గంటలు వాకిట్లోకి వచ్చేశాయి. చెక్కముక్క స్టీరింగ్‌కు తగిలించి, చేతులు మంచుతో రుద్దుకుని, నవ్వుమొహంతో ఎదురెళ్లాడు.

లోపల భోజనాల గుడ్డ చుట్టూ పదిమంది కూర్చున్నారు. వెడల్పాటి పిండిముక్కల మీద మాంసం పొగలు కక్కుతోంది. పిడకలకని బయటికి వెళ్లిన అక్‌మారల్ వచ్చి, టీ నీళ్లు మరిగే సమోవర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. టీ పోస్తూ అత్తగారి వైపు వంగి మెల్లగా అంది.

"అత్తయ్యా, ట్రాక్టర్ కింద రోజూ అంత మడుగు గడ్డకడుతుంది కదా. ఇవాళ ఇంతే ఉంది. నీళ్లు పూర్తిగా పోలేదేమో, మావయ్యగారికి ఓసారి చెప్తారా?"

కుల్బరామ్ చెప్పే అవసరం లేకపోయింది. బైకాదమ్ విన్నాడు. అతను అప్పుడే, సున్నకు కింద నలభై డిగ్రీల చలిలో తాను ఊరందరి ట్రాక్టర్లూ లేపిన కథ వియ్యంకుడికి చెబుతున్నాడు.

"విన్నారా బావగారూ," అన్నాడు అక్‌మారల్ తండ్రి మెందిబాయ్‌తో. "మీరు నాకు కోడల్నిచ్చారా, మెకానిక్‌నిచ్చారా? నా ట్రాక్టర్ ఎంత తడిపిందో కొలుస్తోంది."

అందరూ నవ్వారు. తుర్లిబెక్ తొడమీద కొట్టుకుని మరీ నవ్వాడు. "మెకానిక్ బిడ్డ కదా, కొలవదూ! పుట్టింటి నుంచి పానాలు తెచ్చుకుందేమో పెట్టె వెతకండి."

మెందిబాయ్ జిల్లా పట్నంలో రిపేరు షెడ్డులో పనివాడు. అతను నవ్వలేదు. కూతురు పెద్దల మధ్య మాట్లాడిందని తల దించుకున్నాడు. అక్‌మారల్ మొహం చెవులదాకా ఎర్రబడింది. తలగుడ్డ నుదుటిమీదికి లాక్కుని, మావగారి కప్పులో మర్యాదగా సగానికే టీ పోసి అందించింది. ఆ తర్వాత బయటికి వెళ్లినా ట్రాక్టర్ వైపు పోలేదు. అంత నవ్వయ్యాక ఆ తీగ ముట్టుకోవడమంటే మావగారి చెంపన కొట్టడమే.

మర్నాడు పొద్దున వాకిట్లో గొలుసులు పట్టుకుని నలుగురైదుగురు నిలబడ్డారు. మెందిబాయ్ కూడా కోటు తొడుక్కుని వచ్చి చూస్తున్నాడు. ఊపిరి మీసాల మీదే గడ్డకడుతోంది. బైకాదమ్ పిడకలు రాజేశాడు, గొట్టానికి వేడిగుడ్డలు చుట్టాడు, మొదటి బకెట్టు పోశాడు. రేడియేటర్ ట్యాప్ నుంచి పొగలతో నీళ్లు కారాయి. ఇంజన్ ట్యాప్ నుంచి చుక్క రాలేదు. రెండో బకెట్టు పోశాడు. కాసేపటికి, రావలసిన చోట కాకుండా, ఇంజన్ పక్కగోడ మీదినుంచి నీళ్లు జారాయి. బొట్లుబొట్లుగా, చెమట పట్టినట్టు.

బైకాదమ్ మంచులో మోకాలూని కిందికి వంగాడు. జానెడు పొడుగున చీలిక కనిపించింది. దాని కింద ట్యాప్ కనిపించింది. అది తెరిచే ఉంది. మూతి నిండా తెల్లటి పొక్కు. అంత దగ్గరికి వంగింది అతనొక్కడే.

పైనుంచి తుర్లిబెక్ అన్నాడు. "చీలిందా? నువ్వు నీళ్లు దించకుండా చెక్క తగిలించే మనిషివి కాదే. నిన్న కోడలు పిడకలకని ఇటే తిరిగిందిగా. అంత కొలిచిన మనిషి, ట్యాప్ కూడా తిప్పి మూసేసిందేమో."

హాస్యానికే అన్నాడు. సగం హాస్యానికి. బైకాదమ్ లేచి నిలబడి మోకాలికంటిన మంచు దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

"ఏమో," అన్నాడు. "ఎవరు చూడొచ్చారు."

గుమ్మంలో మూడో బకెట్టు పట్టుకుని అక్‌మారల్ ఉంది. బకెట్టు కింద పెట్టింది, చప్పుడు కాకుండా.

మెందిబాయ్ ముందుకొచ్చి గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా పిల్ల చెయ్యి పెట్టి ఉంటే తప్పు మా పెంపకానిది బావగారూ. పెద్ద మనసు చేసుకోండి. ఇంజన్ సంగతి నాకొదిలెయ్యండి, ఎక్కడున్నా తెస్తాను."

బైకాదమ్ అప్పుడైనా చెప్పొచ్చు. కానీ ఒకసారి "ఏమో" అన్నవాడికి రెండో మాట కష్టం. తలూపాడు.

ఆ నెలంతా అతని పశువులకు తుర్లిబెక్ గుర్రపు బండిలో గడ్డి తెచ్చి వేశాడు. అది చాలని రోజుల్లో అక్‌మారల్ చేతిబండికి తాడు కట్టి, గడ్డివామి నుంచి తానే ఈడ్చుకొచ్చేది. బైకాదమ్ సాయానికి వెళితే, "మీరెందుకు మావయ్యగారూ, చలి," అని తాడు వదిలేది కాదు. అతని మొహం వైపు మాత్రం చూసేది కాదు. బావి దగ్గర ఆడవాళ్లకు ఒక మాట పుట్టింది. కోడలు కాలు పెట్టింది, ట్రాక్టర్ కాలు విరిగింది. కుల్బరామ్ ఆ మాట ఇంటికి మోసుకొచ్చి పొయ్యి దగ్గర చెప్పి, "వినడానికే సిగ్గేస్తోంది," అంది. బైకాదమ్ బూట్లు విప్పుతున్నాడు. అప్పటికే విప్పిన బూటును మళ్లీ విప్పబోయాడు.

నెల తిరిగి ఎర్తాయ్ వచ్చాడు. దారిలోనే అతనికి అంతా చేరిపోయింది. చెక్కగోడకు అవతల కొడుకు గొంతు బైకాదమ్‌కు వినిపించింది.

"నిజం చెప్పు. ముట్టుకున్నావా?"

"నువ్వు కూడానా," అంది అక్‌మారల్. ఆమె ఏడుపు వినిపించింది. ఎర్తాయ్, "సరే, ఏడవకు, పోనీలే," అన్నాడు. అంటే నమ్మలేదన్నమాట. బైకాదమ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేచి రెండడుగులు వేసి తలుపు తడితే చాలు. లేవలేదు.

చలి కాస్త తగ్గాక మెందిబాయ్ ఒక పాత ఇంజన్‌ను లారీలో వేసుకుని వచ్చాడు. వియ్యంకుడిని పనిలో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు, "మీరు కూర్చోండి బావగారూ," అనేవాడు. చీలిన ఇంజన్ దించి బోర్లించి, ట్యాప్‌ను పానాతో ఊడదీశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. గోరుతో గీకాడు. మేకుకున్న తీగ తీసి పొడిస్తే, వేలి కణుపంత పొక్కుముక్క అతని అరచేతిలో పడింది.

బైకాదమ్ పక్కనే నిలబడి ఉన్నాడు. షెడ్డులో వాళ్లిద్దరే ఉన్నారు.

"ట్యాప్ తెరిచే ఉంది బావగారూ," అన్నాడు మెందిబాయ్.

కోపంగా అనలేదు. రిపేరు షెడ్డులో ఎవరి బండిలోనో ఏం చెడిందో చెప్పినట్టే అన్నాడు. ముక్కను బైకాదమ్ చేతిలో పెట్టి, తీగను మేకుకు తగిలించి, మళ్లీ పనిలో పడ్డాడు. భోజనాల దగ్గర ఆ ప్రస్తావన తేలేదు. వెళ్లేటప్పుడు వాకిట్లో కూతురి తల నిమిరి, "చలికి చేతులు జాగ్రత్తమ్మా," అన్నాడు. అంతే. అతను తిట్టి ఉంటే బైకాదమ్ ఎదురు తిట్టేవాడు, ఆ గొడవలో ఏదో ఒకటి బయటపడేది. తిట్టకుండా వెళ్లాడు.

మార్చిన ఇంజన్ మొదటిరోజే లేచింది. గొలుసు పట్టుకుని వచ్చిన తుర్లిబెక్ పాత మాటే అన్నాడు, చచ్చిన గొర్రె కూడా స్టార్టవుతుందని. బైకాదమ్ వినలేనట్టు ఇంజన్ రేజ్ చేశాడు. పొక్కుముక్క కోటు జేబులో ఉండేది. వేసవిలో కోటు మార్చినప్పుడు దాన్నీ మార్చాడు. ఎక్కడన్నా విసిరెయ్యొచ్చు, చుట్టూ స్తెప్పీ, చెట్టు లేని గడ్డిమైదానం, అంతా ఖాళీయే. విసరలేదు.

మళ్లీ గుర్రాన్ని కోసే చలికాలం వచ్చింది. మళ్లీ అదే గది, అదే గుడ్డ, వాళ్లే మనుషులు. ఆ రోజు బైకాదమ్ ట్రాక్టర్ ఆపి, తీగతో పొడిచి, మడుగు గడ్డకట్టేదాకా నిలబడ్డాడు. వియ్యంకులు వచ్చేసరికి గుమ్మంలో లేడు. కుల్బరామ్‌కు కోపమొచ్చింది. "వాళ్ల ముందు నా తల కొట్టేశావు," అంది.

మాంసం వచ్చింది. పెద్దలు దీవెనకు అరచేతులు పైకెత్తబోతుంటే, బైకాదమ్ జేబులోంచి ఆ ముక్క తీసి భోజనాల గుడ్డ మీద, రొట్టెల పక్కన పెట్టాడు. ఆ గుడ్డ మీద తిండి తప్ప ఇంకేదీ పెట్టకూడదు.

"ఏంట్రా అది?" అన్నాడు తుర్లిబెక్.

"నిరుడు నా ఇంజన్ చీల్చింది ఇదే." బైకాదమ్ ఎవరినీ చూడకుండా చెప్పాడు. "తీగ పెట్టకుండా చెక్క తగిలించాను. కోడలు ఇక్కడే కూర్చుని చెప్పింది, మీరందరూ ఉన్నారు. నేను నవ్వించాను, మీరు నవ్వారు. పొద్దున వంగినప్పుడు చూశాను, ట్యాప్ తెరిచే ఉంది. చూసి కూడా, ఎవరు చూడొచ్చారన్నాను. పిల్ల దాన్ని ముట్టుకోలేదు."

ఎర్తాయ్ పెళ్లాం వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"అయితే నేనన్న మాట నేనే మింగాలి," అన్నాడు తుర్లిబెక్. "మాంసం కన్నా గట్టిగా ఉంది."

ఎవరూ నవ్వలేదు. మెందిబాయ్ ఆ ముక్కను వేళ్లతో తీసి తన జేబులో వేసుకున్నాడు. "టీ చల్లారుతోంది," అన్నాడు, దీవెనకు చేతులెత్తుతూ.

చెప్పేస్తే బరువు దిగుతుందని బైకాదమ్ అనుకున్నాడు. దిగలేదు. ఇదివరకు ఒక్కడికే తెలిసిన సిగ్గు, ఇప్పుడు పదిమంది కళ్లల్లో కనిపిస్తోంది. కప్పు ఖాళీ అయింది. అక్‌మారల్ చెయ్యి చాచి అందుకుని, సగానికి పోసి, రెండు చేతులతో ఇచ్చింది.

"వేడిగా ఉంది మావయ్యగారూ, చూసుకోండి," అంది.

క్షమించిందో లేదో ఆమె ఎన్నడూ చెప్పలేదు. అతను అడగలేదు. ఆ వసంతంలో ఒకరోజు, ట్రాక్టర్ ఎలా నడపాలో నేర్పమంటావా అని మాత్రం అడిగాడు. "నేర్పండి," అంది.

ఇప్పుడు ఆ ట్రాక్టర్ తాళంచెవి అక్‌మారల్ దగ్గర ఉంటుంది. పొద్దున్నే గొలుసులు పట్టుకుని వచ్చేవాళ్లు ఆమె కోసం వస్తారు.